శీతోష్ణస్థితి గణాంకాలు, పటాలతో భూగోళ నైపుణ్యాల పరీక్ష

శీతోష్ణస్థితి గణాంకాలు, పటాలతో భూగోళ నైపుణ్యాల పరీక్ష అనగా, కంఠస్థం చేసిన విషయాలను విద్యార్థి చేత తిరిగి వ్రాయించుటకు బదులు, ఒక ప్రదేశపు ఉష్ణోగ్రత, వర్షపాతాల పట్టికను గాని, క్లైమోగ్రాఫును గాని, పటాన్ని గాని ఇచ్చి, దానిని చదివి, లెక్కించి, కారణం చెప్పగల శక్తిని కొలిచే విధానం. భారతదేశంలో పదవ తరగతి పరీక్షలలో ఇటువంటి ప్రశ్నలు రెండు రూపాలలో కనిపిస్తాయి. ఒకటి పట్టికను చదివి సమాధానాలు వ్రాయుట, రెండవది పటంలో స్థలాలను గుర్తించుట లేదా పటాన్ని చదువుట. ఈ రెండింటిని కలిపి అడిగినపుడే విద్యార్థి నిజమైన అవగాహన బయటపడుతుంది.

ఈ వ్యాసంలో హైదరాబాదు నగరపు శీతోష్ణస్థితి గణాంకాలు, మూసీ నదికి ఉత్తరపు ఒడ్డు వైపు, మెహదీపట్నం, కార్వాన్‌ల సమీపంలో గల గుడిమల్కాపూర్ ప్రాంతం ఉదాహరణలుగా తీసుకొనబడినవి.

== చరిత్ర ==

శీతోష్ణస్థితిని పటంపై చూపే అలవాటు మూడు శతాబ్దాలకు పైబడినది. ఇంగ్లండుకు చెందిన ఎడ్మండ్ హేలీ 1686లో వ్యాపార పవనాలను, ఋతుపవనాలను చూపే పటాన్ని ప్రచురించాడు. జర్మనీకి చెందిన అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్ 1817లో సమాన ఉష్ణోగ్రత గల ప్రదేశాలను కలిపే రేఖలను, అనగా సమోష్ణ రేఖలను, పటంపై గీశాడు. 1884లో ఉష్ణ మండలాల పటాన్ని ప్రచురించిన వ్లాదిమిర్ కొప్పెన్, ఆ తరువాత నెలవారీ ఉష్ణోగ్రత, వర్షపాతాల అంకెల ఆధారంగా ప్రపంచ శీతోష్ణస్థితులను వర్గీకరించాడు. నేటి పాఠశాల ప్రశ్నలలోని పన్నెండు నెలల పట్టిక ఈ వర్గీకరణకు అవసరమైన పట్టికయే.

భారతదేశంలో పటాల తయారీకి 1767లో సర్వే ఆఫ్ ఇండియా, వాతావరణ పరిశీలనకు 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినవి. పరీక్షలలో ఇచ్చే స్థలాకృతి పటాలు మొదటి సంస్థ తయారు చేసినవి కాగా, ఉష్ణోగ్రత, వర్షపాతాల సగటులు రెండవ సంస్థ పరిశీలనల నుండి వచ్చినవి.

== తెలుగు రాష్ట్రాలలో ==

జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం-2005, విద్యాహక్కు చట్టం-2009ల తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర విద్యా ప్రణాళికా పరిధి పత్రం-2011ను రూపొందించినది. దీని ఆధారంగా వ్రాయబడిన పదవ తరగతి సాంఘిక శాస్త్ర పుస్తకాలు 2014-15 విద్యా సంవత్సరంలో అమలులోకి వచ్చినవి. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగినందున ఇదే పుస్తకం కొద్ది మార్పులతో రెండు రాష్ట్రాలలోనూ చదువబడినది. అందులోని "భారతదేశ శీతోష్ణస్థితి" అనే పాఠంలో క్లైమోగ్రాఫులు చేర్చబడినవి.

ఆ పుస్తకాలు సాంఘిక శాస్త్రానికి ఆరు విద్యా ప్రమాణాలను నిర్దేశించినవి.
* విషయావగాహన
* పాఠ్యభాగాన్ని చదివి, అర్థం చేసుకొని, వ్యాఖ్యానించుట
* సమాచార నైపుణ్యాలు
* సమకాలీన అంశాలపై ప్రతిస్పందన
* పట నైపుణ్యాలు
* ప్రశంస, సున్నితత్వం

వీటిలో మూడవది పట్టికలు, రేఖాచిత్రాలను చదువుటకు, అయిదవది పటాలను చదువుటకు, గీయుటకు సంబంధించినవి. "క్రింది పట్టికను పరిశీలించి సమాధానాలు వ్రాయండి" అనే ప్రశ్న, భారతదేశ అవుట్‌లైన్ పటంలో స్థలాలను గుర్తించే ప్రశ్న పదవ తరగతి విద్యార్థులకు సుపరిచితములు.

ఐ.సి.ఎస్.ఇ. పదవ తరగతి భూగోళ పత్రంలో ఈ విధానం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా వారి స్థలాకృతి పటంపై ప్రశ్నలు అందులో తప్పనిసరి. ఇందుకు గుజరాత్-రాజస్థాన్ సరిహద్దు ప్రాంతానికి చెందిన 45డి/7, 45డి/10 సంఖ్యల పటాలు చాలాకాలం ఉపయోగించబడినవి. పేరు చెప్పని ఒక కేంద్రపు నెలవారీ అంకెలను ఇచ్చి, వార్షిక ఉష్ణోగ్రతా వ్యత్యాసం, మొత్తం వర్షపాతం లెక్కించమని, ఆ కేంద్రం దేశంలో ఎక్కడ ఉండవచ్చునో చెప్పమని అడుగుట ఆ పత్రంలో తరచుగా కనిపించే ప్రశ్న.

ఇతర దేశాలలో కూడా ఇటువంటి పరీక్షలు కలవు. కేంబ్రిడ్జి అంతర్జాతీయ పరీక్షలలో భూగోళ నైపుణ్యాల కొరకు ప్రత్యేకంగా ఒక ప్రశ్నపత్రం ఉండి, అందులో పెద్ద స్కేలు పటం ఇచ్చి ప్రశ్నలు అడుగుట ఆనవాయితీగా ఉన్నది.

== పట్టికను చదువుట: హైదరాబాదు ఉదాహరణ ==

క్రింది అంకెలు హైదరాబాదు బేగంపేట వాతావరణ కేంద్రపు దీర్ఘకాల సగటులకు దగ్గరగా, పూర్ణాంకాలకు సవరించి ఇవ్వబడినవి. ఏ ముప్పై సంవత్సరాల సగటును తీసుకున్నామో దానిని బట్టి ఇవి కొద్దిగా మారుతుంటాయి.

| నెల | సగటు ఉష్ణోగ్రత (డిగ్రీల సెల్సియస్) | వర్షపాతం (మి.మీ.) |
|---|---|---|
| జనవరి | 22 | 3 |
| ఫిబ్రవరి | 24 | 5 |
| మార్చి | 28 | 12 |
| ఏప్రిల్ | 31 | 21 |
| మే | 32 | 37 |
| జూన్ | 29 | 96 |
| జులై | 27 | 164 |
| ఆగష్టు | 26 | 171 |
| సెప్టెంబరు | 26 | 182 |
| అక్టోబరు | 25 | 91 |
| నవంబరు | 23 | 16 |
| డిసెంబరు | 21 | 6 |

=== మొదటి మెట్టు: లెక్క ===

అత్యధిక సగటు ఉష్ణోగ్రత మే నెలలో 32, అత్యల్పం డిసెంబరులో 21 డిగ్రీలు. కావున వార్షిక ఉష్ణోగ్రతా వ్యత్యాసం 11 డిగ్రీలు. పన్నెండు నెలల వర్షపాతం మొత్తం 804 మి.మీ. ఇందులో జూన్ నుండి సెప్టెంబరు వరకు కురిసినది 613 మి.మీ., అనగా సుమారు 76 శాతం. అక్టోబరు నుండి డిసెంబరు వరకు 113 మి.మీ. (14 శాతం), మార్చి నుండి మే వరకు 70 మి.మీ. (సుమారు 9 శాతం), జనవరి, ఫిబ్రవరులలో 8 మి.మీ. (1 శాతం).

విద్యార్థులు ఇక్కడ సాధారణంగా చేసే పొరపాటు, ఉష్ణోగ్రతలను కూడి మొత్తం వ్రాయుట, వర్షపాతానికి సగటు తీసి వదిలివేయుట. వర్షపాతాన్ని కూడవలెను, ఉష్ణోగ్రతకు సగటు తీయవలెను. పై పట్టికలో ఉష్ణోగ్రతల వార్షిక సగటు సుమారు 26.2 డిగ్రీలు.

=== రెండవ మెట్టు: కారణం ===

లెక్క వచ్చినంత మాత్రాన భూగోళం వచ్చినట్లు కాదు. "జూన్ తరువాత ఉష్ణోగ్రత ఎందుకు తగ్గినది?" అనే ప్రశ్న నైపుణ్యానికి అసలైన గీటురాయి. హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. సూర్యుడు ఈ అక్షాంశంపై సంవత్సరంలో రెండుసార్లు, మే రెండవ వారంలోను, ఆగష్టు మొదటి వారంలోను, మధ్యాహ్న వేళ నడినెత్తిన ఉంటాడు. సూర్యకిరణాల కోణం మాత్రమే కారణమైతే మే, ఆగష్టు నెలలు రెండూ ఒకే విధంగా వేడిగా ఉండవలెను. కాని పట్టికలో ఆగష్టు, మే కంటే 6 డిగ్రీలు చల్లగా ఉన్నది. నైరుతి ఋతుపవన మేఘాలు సూర్యరశ్మిని అడ్డగించుట, తడిసిన నేల నుండి నీరు ఆవిరి అగుటకు వేడిలో కొంత భాగం ఖర్చగుట ఇందుకు కారణాలు. ఉష్ణోగ్రత నిలువు వరుసను ఒంటరిగా చదివిన విద్యార్థి ఈ సమాధానాన్ని పట్టుకోలేడు. రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చదివిన విద్యార్థికి ఇది సులువుగా దొరుకుతుంది.

=== మూడవ మెట్టు: వర్గీకరణ ===

జర్మనీ వృక్ష భూగోళ శాస్త్రజ్ఞులు హైన్రిక్ వాల్టర్, హెల్ముట్ లీత్‌లు 1960 నుండి వెలువరించిన శీతోష్ణస్థితి అట్లాసులో, 10 డిగ్రీల ఉష్ణోగ్రతకు 20 మి.మీ. వర్షపాతం సమానమగునట్లు క్లైమోగ్రాఫులను గీశారు. ఈ లెక్కన, ఒక నెల వర్షపాతం మి.మీ.లలో ఆ నెల ఉష్ణోగ్రతకు రెట్టింపు కంటే తక్కువగా ఉంటే అది పొడి నెల. మే నెలలో 37 మి.మీ. కురిసినను, 32కు రెట్టింపు 64 కావున అది పొడి నెలయే. అక్టోబరులో 25కు రెట్టింపు 50 కాగా, వర్షం 91 మి.మీ. కావున అది తడి నెల. ఈ విధంగా చూసిన హైదరాబాదుకు జూన్ నుండి అక్టోబరు వరకు 5 తడి నెలలు, మిగిలిన 7 పొడి నెలలు.

కొప్పెన్ వర్గీకరణను హైదరాబాదుకు అన్వయించినపుడు ఒక విశేషం కనిపిస్తుంది. ఇటీవల వాడుకలో ఉన్న సవరించిన సూత్రం ప్రకారం, వర్షంలో 70 శాతానికి పైగా వేసవి అర్ధభాగంలో (ఏప్రిల్ నుండి సెప్టెంబరు) కురిసే ప్రదేశాలకు, వార్షిక సగటు ఉష్ణోగ్రతను 20తో గుణించి 280 కలుపగా వచ్చిన సంఖ్య పొడి శీతోష్ణస్థితికి హద్దు. హైదరాబాదులో ఆ ఆరు నెలల వాటా సుమారు 83 శాతం. కావున హద్దు సుమారు 803 మి.మీ. కురిసే వర్షం 804 మి.మీ. అనగా హైదరాబాదు ఉష్ణమండల సవన్నా రకానికి, అర్ధశుష్క రకానికి మధ్య గీతపై ఉన్నది. వార్షిక సగటు ఉష్ణోగ్రత పదవ వంతు డిగ్రీ పెరిగితే హద్దు 2 మి.మీ. పెరిగి, నగరం రెండవ రకంలోకి మారుతుంది. పుస్తకాలలో ఈ నగరాన్ని ఒకచోట సవన్నా అని, మరొకచోట అర్ధశుష్కం అని వ్రాయుటకు కారణం ఇదే. ఇటువంటి కేంద్రంపై ప్రశ్న ఇచ్చినపుడు ఒకే పేరును సరైన జవాబుగా నిర్ణయించుట సమంజసం కాదు. విద్యార్థి చూపిన లెక్కకు మార్కులు ఇవ్వవలసి ఉంటుంది.

== పేరు చెప్పని కేంద్రాన్ని గుర్తించుట ==

పట్టికపై కేంద్రం పేరును తొలగించి, అది ఎక్కడిదో ఊహించమనుట ఈ పరీక్షలలో ప్రధానమైన మెళకువ. పేరు ఉన్నచో విద్యార్థి పాఠంలో చదివినదానిని వ్రాస్తాడు. పేరు లేనిచో అంకెలనే ఆధారం చేసుకొనవలసి వస్తుంది. ఇందుకు ఉపయోగపడే గుర్తులు:

* '''వర్షం ఎక్కువగా కురిసే నెల:''' నవంబరులో 350 మి.మీ.కు పైగా కురిసి, జూన్, జులైలలో తక్కువ కురిసినచో అది ఈశాన్య ఋతుపవనాల ప్రాంతం. చెన్నై ఇందుకు ఉదాహరణ. విశాఖపట్నంలో అక్టోబరులో ఎక్కువ వర్షం పడుతుంది. బంగాళాఖాతంలో ఆ కాలంలో ఏర్పడే అల్పపీడనాలు, తుపానులు దీనికి ముఖ్య కారణం.
* '''ఉష్ణోగ్రతా వ్యత్యాసం:''' తిరువనంతపురం వంటి తీరప్రాంత కేంద్రంలో ఇది కొద్ది డిగ్రీలు మాత్రమే. ఢిల్లీ వంటి ఖండాంతర్గత కేంద్రంలో 20 డిగ్రీల సమీపంలో ఉంటుంది. భూమధ్యరేఖకు, సముద్రానికి దూరమైన కొలది వ్యత్యాసం పెరుగుతుంది.
* '''రెండు శిఖరాలు:''' జూన్‌లో ఒకసారి, అక్టోబరులో మరొకసారి వర్షం పెరిగినచో అది దక్షిణ కేరళ కావచ్చును.
* '''ఎత్తు ప్రభావం:''' శీతాకాలపు సగటు ఉష్ణోగ్రత సున్నా కంటే తక్కువగా, వార్షిక అవపాతం 100 మి.మీ. ప్రాంతంలో ఉన్నచో అది సుమారు 3,500 మీటర్ల ఎత్తున గల లేహ్ వంటి శీతల ఎడారి.
* '''వర్షచ్ఛాయా ప్రాంతం:''' వేడి ఎక్కువగా ఉండి, వార్షిక వర్షపాతం 550 మి.మీ. సమీపంలో ఉండి, అందులో సెప్టెంబరుది పెద్ద వాటా అయినచో అది అనంతపురం వంటి రాయలసీమ కేంద్రం కావచ్చును.
* '''అర్ధగోళం:''' జనవరి వేడిగా, జులై చల్లగా ఉన్నచో ఆ కేంద్రం దక్షిణార్ధగోళంలోనిది. తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరపు పట్టిక ఇటువంటిదే.

ఒక్క గుర్తుతో నిర్ణయానికి వచ్చుట ప్రమాదకరం. 804 మి.మీ. వర్షపాతం హైదరాబాదుకే కాక ఢిల్లీకి కూడా దగ్గరగానే ఉంటుంది. జనవరి ఉష్ణోగ్రత చూసినపుడే, హైదరాబాదులో 22, ఢిల్లీలో 14 డిగ్రీల సమీపంలో ఉండుటచే, రెండింటి భేదం తెలుస్తుంది.

== పటాన్ని చదువుట: గుడిమల్కాపూర్ ఉదాహరణ ==

=== పటం సంఖ్యను కనుగొనుట ===

గుడిమల్కాపూర్ సుమారు 17.38 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. ఈ రెండు అంకెలు తెలిసిన విద్యార్థి, సర్వే ఆఫ్ ఇండియా పాత క్రమంలో ఈ ప్రాంతపు పటం సంఖ్యను స్వయంగా కనుగొనగలడు.

# నాలుగు డిగ్రీల అక్షాంశం, నాలుగు డిగ్రీల రేఖాంశం గల పెద్ద చతురస్రాలకు సంఖ్యలు ఇవ్వబడినవి. 16-20 ఉత్తర అక్షాంశాలు, 76-80 తూర్పు రేఖాంశాల మధ్య గలది 56వ సంఖ్య.
# దానిని ఒక్కొక్క డిగ్రీ గల 16 గళ్ళుగా విభజించి, ఆంగ్ల అక్షరమాల క్రమంలో ఏ నుండి పి వరకు పేర్లు ఇస్తారు. పడమటి నిలువు వరుసలో పైనుండి క్రిందికి ఏ, బి, సి, డి, దాని పక్క వరుసలో ఇ, ఎఫ్, జి, హెచ్, ఆ తరువాతి వరుసలో ఐ, జె, కె, ఎల్ వస్తాయి. 17-18 అక్షాంశాలు, 78-79 రేఖాంశాల గడి కె.
# దానిని తిరిగి 15 నిమిషాల 16 గళ్ళుగా విభజించి ఇదే క్రమంలో 1 నుండి 16 వరకు సంఖ్యలు ఇస్తారు. 17 డిగ్రీల 15 నిమిషాల నుండి 17 డిగ్రీల 30 నిమిషాల వరకు, 78 డిగ్రీల 15 నిమిషాల నుండి 78 డిగ్రీల 30 నిమిషాల వరకు గల గడి 7.

కావున గుడిమల్కాపూర్ 56కె/7 పటంలోనిది. చార్మినారు, బేగంపేటలు కూడా ఈ పటంలోనే ఉన్నవి. నగరానికి తూర్పున గల ఉప్పల్ మాత్రం 78 డిగ్రీల 30 నిమిషాల రేఖ దాటి ఉండుటచే 56కె/11 పటంలోకి పోతుంది.

=== దూరం, దిక్కు ===

ఈ పటాల స్కేలు 1:50,000. అనగా పటంపై 2 సెంటీమీటర్లు నేలపై 1 కిలోమీటరు. గుడిమల్కాపూర్ నుండి బేగంపేట వాతావరణ కేంద్రం ఈశాన్య దిక్కున, నేరుగా కొలిచిన సుమారు 9 కిలోమీటర్లు. పటంపై ఇది 18 సెంటీమీటర్లు. రహదారి వెంట దూరం కొలువవలసినపుడు స్కేలు బద్ద పనికిరాదు. దారాన్ని రోడ్డు వంపుల వెంట పరచి, ఆ దారం పొడవును కొలుస్తారు.

=== నది, వాలు ===

పటంపై నదీ ప్రవాహ దిశను కనుగొనుటకు బాణపు గుర్తు లేకపోయినను కాంటూరు రేఖలు చాలును. కాంటూరు రేఖలు నదిని దాటునపుడు ఎగువ వైపునకు వంగుతాయి. మూసీ నది ఈ ప్రాంతంలో పడమర నుండి తూర్పునకు ప్రవహిస్తుంది. ఈసీ నది దీనితో లంగర్‌హౌజ్ సమీపంలోని బాపూఘాట్ వద్ద కలుస్తుంది. మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు ఎగువన ఉన్నవి. ఈ రెండు ఏరులు కలిసిన తరువాతి భాగంలో, దిగువ ఒడ్డున గుడిమల్కాపూర్, కార్వాన్ ప్రాంతాలు వస్తాయి. "రెండు జలాశయాల తలుపులను ఒకేసారి తెరచినచో ఆ నీరు ఏ ప్రాంతాల గుండా పోతుంది?" అను ప్రశ్నకు సమాధానం పూర్తిగా పటంలోనే ఉన్నది. దీనికి కంఠస్థం అవసరం లేదు.

== పట్టికను, పటాన్ని జోడించుట ==

పట్టిక కాలాన్ని, పటం స్థలాన్ని చెబుతాయి. రెండింటిని కలిపి అడిగే ప్రశ్నలు విద్యార్థి నివసించే ప్రాంతానికి సంబంధించినవైనపుడు వాటి ప్రయోజనం హెచ్చు.

=== పూల మార్కెట్టు ===

గుడిమల్కాపూర్ నగరంలోని పెద్ద పూల మార్కెట్టుకు పేరుపొందినది. ఎండాకాలంలో మల్లెలు, దసరా, దీపావళి రోజులలో బంతి, చేమంతులు ఇటువంటి మార్కెట్లకు విరివిగా వస్తాయి. బతుకమ్మ పండుగకు వాడే గునుగు, తంగేడు పూలు వర్షాలు బాగా కురిసిన తరువాత బయళ్ళలో పూస్తాయి. పై పట్టికలో జూన్ నుండి సెప్టెంబరు వరకు పడిన 613 మి.మీ. వర్షాన్ని చూసినచో, ఆ పండుగ ఆ కాలంలోనే పూలతో ఎందుకు వస్తుందో విద్యార్థి చెప్పగలడు. చేమంతి పగటి కాలం తగ్గుతున్నపుడు పూసే మొక్క. కావున దాని కాలానికి వర్షంతో పాటు సూర్యుని గమనం, ప్రదేశపు అక్షాంశం కూడా కారణాలు.

=== సగటు చెప్పని విషయం ===

నెలవారీ సగటు ఒక ప్రదేశపు శీతోష్ణస్థితిని చెబుతుంది గాని, ఒక రోజు వాతావరణాన్ని చెప్పదు. పై పట్టికలో ఆగష్టు నెల సగటు వర్షపాతం 171 మి.మీ. కాని 2000 ఆగష్టు 24న ముగిసిన 24 గంటలలోనే బేగంపేటలో 241.5 మి.మీ. వర్షం నమోదైనది. అనగా నెల మొత్తానికి పడవలసిన దానికంటె ఎక్కువ వర్షం ఒక్క రోజులో పడినది. అక్టోబరు సగటు 91 మి.మీ. కాగా, 2020 అక్టోబరు 13, 14 తేదీలలో 24 గంటలలో సుమారు 190 మి.మీ. కురిసి, నగరంలోని లోతట్టు ప్రాంతాలు నీట మునిగినవి. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరదలో వేలాదిమంది మరణించారు. ఆ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో పైన పేర్కొన్న రెండు జలాశయాలు నిర్మించబడినవి.

ఈ కారణం చేత "ఈ పట్టికను బట్టి ఏమి చెప్పవచ్చును?" అని అడిగిన తరువాత "ఈ పట్టికను బట్టి ఏమి చెప్పలేము?" అని కూడా అడుగుట మంచి పరీక్షకు లక్షణం. సంవత్సరానికి 804 మి.మీ. అనే అంకెను చూసి ఈ నగరానికి వరద భయం లేదని వ్రాసిన విద్యార్థి లెక్కలో తప్పు చేయలేదు, కాని పట్టిక పరిమితిని తెలుసుకొనలేదు. నది ఒడ్డున నివసించే వారికి ఈ తేడా పరీక్షా మార్కుల కంటే ముఖ్యమైనది.

== నమూనా ప్రశ్నలు ==

పైన ఇచ్చిన పట్టికను, 56కె/7 పటాన్ని ఉపయోగించి, సులువు నుండి కఠినం వైపు ఈ క్రింది విధంగా ప్రశ్నలను రూపొందించవచ్చును.

# ఏ నెలలో వర్షం అత్యధికం? (చదువుట. సమాధానం: సెప్టెంబరు)
# వార్షిక ఉష్ణోగ్రతా వ్యత్యాసం ఎంత? (లెక్కించుట. సమాధానం: 11 డిగ్రీలు)
# పొడి నెలలు ఎన్ని? (సూత్రాన్ని అన్వయించుట. సమాధానం: 7)
# పటంపై 6 సెంటీమీటర్ల దూరంలో గల రెండు స్థలాల మధ్య నేలపై దూరం ఎంత? (స్కేలు. సమాధానం: 3 కిలోమీటర్లు)
# ఆగష్టులో సూర్యుడు నడినెత్తిన ఉన్నను మే కంటే చల్లగా ఉండుటకు కారణమేమి? (కారణం)
# ఇదే అక్షాంశానికి దగ్గరగా గల విశాఖపట్నంలో ఉష్ణోగ్రతా వ్యత్యాసం హైదరాబాదు కంటే తక్కువగా ఉండుటకు కారణమేమి? (పోల్చుట. సమాధానం: సముద్ర సామీప్యం)
# నది ఒడ్డున పాఠశాల కట్టుటకు స్థలం ఎంచుకొనవలెనన్న, ఈ పట్టిక, పటం కాక ఇంకా ఏ సమాచారం కావలెను? (పరిమితిని గుర్తించుట. సమాధానం: ఒక రోజులో కురిసిన అత్యధిక వర్షపాతం, గత వరదల నీటిమట్టం మొదలైనవి)

== విమర్శలు, పరిమితులు ==

* '''పట ప్రశ్న కంఠస్థమగుట:''' అవుట్‌లైన్ పటంలో స్థలాలను గుర్తించే ప్రశ్నలు ఒకే కొద్ది పేర్ల చుట్టూ తిరిగినచో, విద్యార్థులు వాటి చుక్కలను మాత్రమే గుర్తుంచుకొంటారు. కృష్ణా నదిని సరిగా గీసిన విద్యార్థి అది ఏ వైపునకు ప్రవహించునో చెప్పలేకపోవచ్చును. ఒకే పటాన్ని ఏటేటా వాడుట వలన కూడా ఇదే చిక్కు వస్తుంది. నైపుణ్యాన్ని పరీక్షించుటకు ఉద్దేశించిన పటం క్రమేణా పాఠంగా మారుతుంది.
* '''ముద్రణ నాణ్యత:''' మసకగా ముద్రించిన పటంలో కాంటూరు రేఖలు కలిసిపోయి, విద్యార్థి తప్పు లేకుండానే సమాధానం తప్పుతుంది.
* '''దృష్టి లోపం గల విద్యార్థులు:''' పటం, రేఖాచిత్రం కేవలం కంటితో చదివేవి. సి.బి.ఎస్.ఇ. పరీక్షలలో వీరికి పట ప్రశ్నలకు బదులు వేరే ప్రశ్నలు ఇస్తారు. శీతోష్ణస్థితి పట్టికను మాత్రం చదివి వినిపించవచ్చును గనుక, దానిపై ప్రశ్నలను అందరికీ సమానంగా అడుగుట సాధ్యం.
* '''మారుతున్న సగటులు:''' ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణం ప్రకారం శీతోష్ణస్థితి సగటులను ముప్పై సంవత్సరాలకు లెక్కిస్తారు. భూతాపం పెరుగుతున్నందున పాత కాలపు పట్టికకు, కొత్త పట్టికకు తేడా ఉంటుంది. హైదరాబాదు వంటి హద్దు మీది నగరాలకు ఈ తేడా వర్గాన్నే మార్చగలదు. కావున ప్రశ్నలో ఇచ్చిన పట్టిక క్రింద ఏ సంవత్సరాల సగటో తెలుపుట అవసరం.

== పాఠశాలలో అభ్యాసం ==

ఈ నైపుణ్యాలకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. సమానమైన అడ్డుకోత గల నిలువు గోడల డబ్బాలో ఆరుబయట పడిన వర్షపు నీటి ఎత్తును మిల్లీమీటర్లలో కొలిచినచో అదే ఆ రోజు వర్షపాతం. పాఠశాల ఆవరణలో ఒక నెల కొలిచిన అంకెలను వాతావరణ శాఖ ప్రకటించిన బేగంపేట అంకెలతో పోల్చినచో, 9 కిలోమీటర్ల దూరంలోనే వర్షం ఎంత మారునో విద్యార్థులకు తెలుస్తుంది. గ్రాఫు కాగితంపై వర్షాన్ని నిలువు కమ్మీలుగా, ఉష్ణోగ్రతను రేఖగా గీసినచో క్లైమోగ్రాఫు సిద్ధమగును. భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ 2009లో ప్రారంభించిన భువన్ జాలస్థలంలో ఉపగ్రహ చిత్రాలు లభిస్తాయి. వాటిలో మూసీ నదిని, రెండు జలాశయాలను, తమ వీధిని గుర్తించి, టోపోషీటుతో పోల్చుట మంచి అభ్యాసం. పాత పటంలో చెరువుగా, పొలంగా ఉన్న చోట నేడు ఇండ్లు కనిపించినచో, వర్షపు నీరు ఎటు పోవలెను అనే ప్రశ్న విద్యార్థులకు దానంతట అదే తోస్తుంది.

== ఇవి కూడా చూడండి ==
* శీతోష్ణస్థితి
* ఋతుపవనాలు
* మూసీ నది
* హైదరాబాదు
* సర్వే ఆఫ్ ఇండియా
* భారత వాతావరణ శాఖ